బాపు పలుచగా నూరిన కత్తి

దొంగసొత్తుకు దండలు వేస్తున్నది మీరే. మీ పాతవస్తువుల పేజీలో, దొర కోటలాంటి ఇల్లు ఆ గడిలో దొరికిన మడతకత్తి ఫొటో పెట్టి, "దొరవారి పండ్ల కత్తి, ఎంత నాజూకో!" అని మురిసిపోతున్నారు. పగిలిన కొమ్ముపిడికి చుట్టిన రాగితీగను చూడగానే గుర్తుపట్టాను. అది మా బాపు కత్తి.

నైజాం కాలంలో బాపు చిట్యాల దగ్గర గొర్రెలు కాసేవాడు. కత్తిని వీపు నుంచి అంచు దాకా రాతి మీద పలుచగా అరగదీసేవాడు. "అంచుకు పదునుంటే సాలదు బిడ్డా. ఎనక మందముంటే కొయ్యది, చీలుస్తది" అనేవాడు. దానితో గొర్రె డెక్కలో ముల్లు తీస్తే నెత్తురు కూడా వచ్చేది కాదు.

గడికి పొట్టేలును ఊరికే అప్పజెప్పే పండుగల గురించి విన్నారా? అలాంటి ఒక పండుగనాడు దొర బాపుతో మామిడిపండు కోయించాడు.

"కత్తి ఈడ పెట్టిపో."

"నీ బాంచెన్ దొరా, గొర్ల కాళ్లకు గిదే దవాఖాన."

"గొర్లకు గింత షోకారా?"

గడి అంతా నవ్వింది. బాపు ఉత్త చేతులతో వచ్చాడు.

వానాకాలంలో మందపాటి కత్తితో ముల్లు తీయబోతే చూలుగొర్రె డెక్క చీలింది. పుండుకు పురుగు పట్టి, కడుపులో పిల్లతో సహా చచ్చిపోయింది. బాపు మళ్లీ ఏ కత్తీ నూరలేదు.

అందుకే అడుగుతున్నాను:

"దొరవారి" అన్న మాట కొట్టేయండి.
నూరింది గొర్లకాపరి అని రాయండి.
గుంజుకున్నారని కూడా రాయండి.
కత్తి మా ఇంటికి పంపండి.