పిల్లల లెక్కకు జీపొచ్చిన రోజు

మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే ఫోనులో ఒక సందేశం వచ్చింది. "గౌరవనీయులైన విశ్రాంత ఉపాధ్యాయులకు" అని మొదలుపెట్టి, ప్రభుత్వ బడులను బాగు చేయడానికి మా అనుభవంలోంచి నాలుగు సలహాలు పంపమని కోరారు. కింద చేతులు జోడించిన బొమ్మ, దాని పక్కన ఒక గులాబీ పువ్వు. ఆ పువ్వు చూడగానే నాకు అనుమానం వచ్చింది. సోషల్ టీచరుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ నన్ను సలహా అడిగిన పాపాన ఎవరూ పోలేదు. సర్క్యులర్ పంపేవాళ్ళు, చదివి సంతకం పెట్టమనేవాళ్ళు, అంతే. ఇప్పుడు బుక్కరాయసముద్రంలో మిద్దె మీద కరివేపాకు మొక్కకు నీళ్ళు పోసుకుంటూ కూర్చున్న నన్ను పువ్వు పెట్టి మరీ అడుగుతున్నారంటే ఏమనుకోవాలి? నిర్ణయం ఎప్పుడో అయిపోయి ఉంటుంది, సలహాలు అడిగాం అని చెప్పుకోవడానికి మా పేర్లు కావలసి ఉంటాయి. ఈ మాటే మా ఆయనతో అంటే, "నీకు అన్నిటికీ అనుమానమే, అచ్చం మీ మేనత్తే" అన్నాడు. ఆయన ఉద్దేశం తిట్టడం. నాకు మాత్రం ఆ రోజంతా మా అత్తే కళ్ళ ముందు తిరిగింది.

మా నాయనకు అక్క ఆమె. సోమందేపల్లె దగ్గర, పెద్దరోడ్డుకు పడమట ఉన్న ఒక చిన్న ఊళ్ళో కాపురం. మామ తొందరగా పోయాడు. వేరుశనగ వేసుకునే మెట్ట చేను, నాలుగు మేకలు, ఒక్క కొడుకు. ఆమె ఇంటి గోడా ప్రాథమిక పాఠశాల గోడా ఒకటే కావడంతో, అడిగినవాళ్ళు లేకపోయినా ఆ బడి పెత్తనం ఆమెకు వచ్చిపడింది. అత్త బడి మెట్టు ఎక్కి చదువుకున్న మనిషి కాదు. కానీ బడికి ఏది వచ్చినా ముందు ఆమె కంట్లో పడాల్సిందే. మధ్యాహ్న భోజనానికి గుడ్లు వచ్చిన రోజు బకెట్టు నీళ్ళు పట్టుకుని వెళ్ళేది. వండే ఆమె నెత్తీ నోరూ బాదుకుంటున్నా వినకుండా గుడ్లన్నీ నీళ్ళలో వేసి, తేలిన వాటిని తీసి గోడ అవతలికి విసిరేసేది. పిల్లలకు బూట్లు పంచితే ఒక బూటు తీసుకుని అడుగు పట్టి లాగేది. అది ఊడి వస్తే ఆమె మొహంలో వెలిగిన సంతోషం చూసి తీరాల్సిందే. ఊడి రాకపోతే మాత్రం దిగులుపడేది. "ఇందులో ఇంకేదో మోసముండాది, మనకు తెలీడం లేదు" అనేది.

ఒకసారి కొత్త మరుగుదొడ్లకు రంగులేసి, గోడ మీద నవ్వుతున్న పెన్సిలు బొమ్మలు గీయించి ఫోటో తీసుకోవడానికి వచ్చారు. అత్త వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడింది. "నీళ్ళు రానీప్పా, అప్పుడు తీసుకుందువు. నీళ్ళు లేని దొడ్డికి ఫోటో ఏంటికి?" అంది. ఫోటో తీయడానికి వచ్చిన అబ్బాయి బతిమాలాడు, బెదిరించాడు, చివరికి ఆమెతో సహా ఫోటో తీసుకుని పోయాడు. ఆ ఫోటో ఏ పుస్తకంలోనైనా వేశారో లేదో తెలియదు. వేసి ఉంటే, అందంగా నవ్వే పెన్సిళ్ళ మధ్య కొంగు బిగించి నిలబడిన మా అత్త ఉండాలి.

ఆ బడిలో ఒక్కడే మాస్టారు. అన్ని తరగతులూ ఆయనవే, తాళం చెవీ ఆయనదే. చాలాకాలం అత్త ఆయన్ను కూడా అనుమానించింది. తర్వాత మనవరాలు బడిలో చేరింది. రెండో తరగతికి వచ్చేసరికి ఆ పిల్ల రోడ్డు మీద పోయే బస్సుల బోర్డులు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి అత్త మాస్టారికి మజ్జిగ పంపడం మొదలుపెట్టింది. మా కుటుంబంలో అంతకు మించిన సర్టిఫికెట్ లేదు.

మనవరాలు ఆమె దగ్గరే ఉండడానికి కారణం మా జిల్లా సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. వేరుశనగ పంట ఇంటికి వచ్చినా రాకపోయినా, ఆ పని అయిపోగానే ఊళ్ళో వయసులో ఉన్న ఆలుమగలు బెంగళూరు బస్సెక్కుతారు. ఇళ్ళు కట్టే పనులు చేసుకుని, మళ్ళీ తొలకరికి ఊరికి వస్తారు. ముసలివాళ్ళున్న ఇళ్ళలో పిల్లల్ని వాళ్ళ దగ్గర వదిలిపోతారు. మా అత్త కొడుకూ కోడలూ కూడా అంతే. పిల్ల చదువుకుంటోందన్న ఒక్క కారణంతో దాన్ని జేజి దగ్గర వదిలేవాళ్ళు. ఆ మాట కొడుకు అన్నప్పుడల్లా అత్త ఏదో పెద్ద పదవి ఇచ్చినట్టు తల ఎత్తుకునేది.

ఇక ఆ ఊరివాళ్ళకు ఒక అలవాటు ఉంది. జీపులో ఎవరైనా లెక్కపెట్టడానికి వస్తే ఉన్నది లేదనడం. వాళ్ళ తప్పేం లేదు. ఇళ్ళు లెక్కపెట్టి పోతే ఆ తర్వాత కొన్ని రేషన్ కార్డులు ఎగిరిపోయాయి. బోర్లు లెక్కపెట్టి పోతే మీటర్లు పెడతారని పుకారు పుట్టింది. లెక్క వెనకాల ఏదో ఒకటి పోతుందని వాళ్ళకు అనుభవం నేర్పింది. అందుకని జీపు చప్పుడు వినగానే మేకల్ని గుట్ట వెనక్కి తోలేవాళ్ళు, మోటారు మీద గోనెపట్టా కప్పేవాళ్ళు. ఇందులో మా అత్త ఊరందరికీ గురువు.

కొన్నేళ్ళ కిందట, వానలు బొత్తిగా మొహం చాటేసిన ఏడు, ఎండలు ముదిరే వేళకు ఊళ్ళోకి జీపు వచ్చింది. సరిగ్గా ఆ రోజు మాస్టారిని బడుల సంస్కరణ మీద శిక్షణ అని పెనుకొండకు పిలిపించారు. బడికి తాళం. వచ్చినవాళ్ళు తాళం చూసుకుని, చేతిలో పలక లాంటి ఫోన్లు పట్టుకుని ఇంటింటికీ బయల్దేరారు. రిజిస్టరులో ఉన్న పిల్లలు నిజంగా ఊళ్ళో ఉన్నారా, మాస్టారు ఉత్త పేర్లు రాసుకున్నాడా అని చూడడం వాళ్ళ పని. ఆ సంగతి ఊరికి చెప్పినవాళ్ళు లేరు. అత్తకు మాత్రం క్షణంలో అర్థమైపోయింది, అంటే తప్పుగా అర్థమైంది. అప్పటికే ఊళ్ళో లేనివాళ్ళ రేషన్ కార్డులు తీసేస్తారని ఒక పుకారు తిరుగుతోంది.

"పిల్ల కనపడితే నాయన యాడ అని అడుగుతారు. బెంగళూర్లో అంటే కార్డు పాయె. పిల్లోల్లను గుట్ట కాడికి తోలండి, అడిగితే లేరనండి" అని సందులో ఈ చివరి నుంచి ఆ చివరికి చెప్పుకుంటూ పోయింది. పిల్లలు మేకల వెంట పండగలాగా పరిగెత్తారు. మనవరాలి గడ్డం పట్టుకుని, "మీ నాయన యాడుండాడని ఎవురడిగినా తెల్దనల్ల, తెలిసిందా?" అని చెప్పి మరీ పంపింది. తర్వాత వాకిట్లో కూర్చుని, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి, "మా ఇండ్లల్లో చదువుకునే పిల్లోల్లు లేరు సామీ, పెద్దోల్లంతా కూలికి పోయినారు" అని చెప్పింది. ప్రతి ఇంట్లోనూ అదే మాట. వాళ్ళు రాసుకుని, ఖాళీ వీధికి ఫోటో తీసుకుని, దణ్ణం పెట్టి పోయారు. ఆ సాయంత్రం అత్త నాకు ఫోన్ చేసింది. "ఏం పాపా, పెద్ద పెద్ద చదువులు చదివినోల్లను ఎట్ల పంపించినామో తెలుసా?" అని పకపకా నవ్వింది. కథంతా విని నేనూ నవ్వాను.

వేసవి సెలవుల్లో ఉత్తరువు వచ్చింది. పిల్లలు చాలినంత లేని బడి కాబట్టి మూడు, నాలుగు, అయిదు తరగతులను రోడ్డుకు తూర్పున ఉన్న హైస్కూల్లో కలిపేస్తున్నారు. ఒకటి, రెండు తరగతులు మాత్రం ఊళ్ళో ఉంటాయి. బడి మూసేయడం కాదట, మెరుగైన సౌకర్యాల కోసం కలపడమట. ఉత్త పేర్లు రాశాడని మాస్టారికి మెమో. పాపం ఆయన వచ్చి అత్త వాకిట్లో నిలబడి, "పిల్లలు లేరని ఎందుకు చెప్పినావు పెద్దమ్మా?" అని మాత్రం అడిగాడట. మనవరాలు మూడో తరగతికి వచ్చింది. అది నడిచేటప్పుడు తన కాళ్ళ వైపే చూసుకుంటూ నడిచే పిల్ల. మధ్యలో నేషనల్ హైవే. బెంగళూరు వైపు లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతుంటాయి. కింద నుంచి దాటే దారి చాలా దూరంలో ఉంది.

"నువ్వు టీచరమ్మవి కదా, నువ్వొచ్చి మాట్లాడు" అని అత్త కబురు పెడితే వెళ్ళాను. నేను వెళ్ళేసరికే ఆమె పిల్లల్నందర్నీ తల దువ్వించి, పౌడరు రాయించి, ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించి సిద్ధంగా ఉంది. అందరం మండల విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళాం. అత్త జీవితంలో మొదటిసారి తనంతట తాను లెక్కకు నిలబడింది. "లెక్క పెట్టుకోండి సార్. అప్పుడు చెప్పింది అబద్ధం. ఇదో, వీళ్ళంతా మావోల్లే" అంది. ఆ ఆఫీసరు చెడ్డవాడు కాడు, అలసిపోయినవాడు. ట్రాలీ వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. మా అత్త బూటు అడుగు లాగేటప్పుడు ఎలా చూసేదో, అచ్చం అలాగే చూశాడు.

"పక్క ఊర్ల పిల్లోల్లను ఎక్కించుకొచ్చినారా అమ్మా?" అన్నాడు.

నేను కల్పించుకుని, నేనూ టీచరునే, ఈ పిల్లలు ఈ ఊరివాళ్ళే అని చెప్పబోయాను. ఆయన వినకుండా ముందు నిలబడ్డ మా పిల్లను దగ్గరికి పిలిచి, మెత్తగా అడిగాడు. "మీ నాయన యాడుండాడు పాపా?"

పిల్ల జేజి మొహంలోకి చూసి, నేర్పిన పాఠం తప్పకుండా అప్పజెప్పింది. "తెల్దు."

"చెప్పే! బెంగళూర్లో ఉండాడని చెప్పే!" అని అత్త అరిచింది. ఆఫీసరు నవ్వి, "చూస్తాండారు కదా మేడమ్, ఎట్ల చెప్పిస్తాండారో" అని నాతో అన్నాడు. అక్కడితో అయిపోయింది. తిరిగి వస్తుంటే ట్రాలీలో పిల్లలు పాటలు పాడుకున్నారు.

ఇంతకాలం ఉద్యోగం చేసిన నాకు సలహా ఏదైనా ఉంటే అది ఆ ట్రాలీలో పుట్టిందే. లెక్కపెట్టడానికి వచ్చేవాళ్ళు ఎందుకు లెక్కపెడుతున్నారో ముందు వాకిట్లో కూర్చుని చెప్పాలి. సగం ఊరు వలసలో ఉన్న నెలలో రాకూడదు. ఇంతకంటే పెద్ద విద్యా విధానం నాకు తెలియదు. కానీ ఇది రాసి పంపితే, దీన్ని పట్టుకుని ఇంకేం చేస్తారో అని మళ్ళీ నాకే భయం.

జూన్‌లో బడులు తెరిచాక అత్త మనవరాలి చెయ్యి పట్టుకుని రోజూ రోడ్డు దాటించింది. సాయంత్రం మళ్ళీ వెళ్ళి తెచ్చేది. మధ్య గట్టు మీద నిలబడి లారీ డ్రైవర్లను ఆమె తిట్టిన తిట్లు ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక రోజు సగం రోడ్డులో పిల్ల భయంతో బిగుసుకుపోయి కదల్లేదు. లారీ బ్రేకులు అరుచుకుంటూ వచ్చి వాళ్ళ పక్కనే ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పిల్లకు జ్వరం పట్టుకుంది. ఆ ఏడు తొలకరి పడక బెంగళూరులోనే ఉండిపోయిన కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "సదువొద్దు ఏమొద్దు, పాప పానంతో ఉంటే సాలు" అని వెంట తీసుకుపోయాడు. నేను ఫోన్ చేస్తే, "నేనే కదా పాపా లేదని చెప్పినాను" అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకు ముందు వినలేదు. నాకు కోపం వచ్చింది. ఆమె మీదో, ఆ ఆఫీసరు మీదో, ఇద్దరినీ అలా తయారుచేసిన ఈ వ్యవహారం మీదో చెప్పలేను.

పోయిన ఏడు ఊళ్ళో దేవర, అంటే ఊరి అమ్మవారి జాతర, చేశారు. వలసపోయినవాళ్ళంతా వచ్చారు, నేనూ వెళ్ళాను. అత్త ఇంట్లో భోజనాలు చేసి కూర్చుని ఉండగా కొత్తగా వచ్చిన టీచరమ్మ, చిన్న వయసు పిల్ల, వాకిట్లోకి వచ్చింది. ప్రభుత్వం మనసు మార్చుకుందట. మూడు, నాలుగు, అయిదు తరగతులు మళ్ళీ ఊరి బడిలోనే పెడుతున్నారట. "అవ్వా, మీ ఇంట్లో చదువుకునే పిల్లలుండారా?" అని అడిగింది.

నేను అత్త వైపు చూశాను. ఆమె ఎందుకు, ఏమిటి అని ఒక్క ప్రశ్న వేయలేదు. లోపలికి గబగబా వెళ్ళి మనవరాలిని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. "ఉండాది మేడమ్. ఇదో, ఈమె. రాసుకో" అంది. పిల్ల బాగా పొడుగైంది. చంకలో బెంగళూరులో పుట్టిన తమ్ముడు ఉన్నాడు.

టీచరమ్మ మొహమాటంగా నవ్వింది. "ఈ పాప ఆరులో ఉండాల కదవ్వా. యాడ చదువుతాంది?"

"రెండు దాకా చదివింది. మూడులో రాసుకో."

పిల్ల తమ్ముణ్ణి ఇంకో చంకకు మార్చుకుని, తల దించుకుని, "నేను పోను జేజీ, ఆడంతా చిన్నపిల్లోల్లు ఉంటారు, నాకు సిగ్గు" అంది. టీచరమ్మ ఏమీ రాసుకోకుండానే పక్కింటికి వెళ్ళిపోయింది.

తీసుకుపోయిన తరగతులను ప్రభుత్వం మా అత్త ఊరికి తిరిగి ఇచ్చింది. ఈలోగా గడిచిన ఏళ్ళు మాత్రం మా పిల్లను ఆ బెంచీలో పట్టనంత పెద్దదాన్ని చేసి వెళ్ళిపోయాయి.