‘మే’ అంటే రావచ్చు అని

గట్టు ఊరి బడిలో జయరాజు సారు ఇంగ్లీషు పాఠం నిదానంగా సాగేది. ఒక్కో మాట ఎక్కడ పుట్టిందో చెప్పనిదే ఆయన ముందుకు కదలడు. కూలి ఇంట్లో పుట్టి, పాస్టరు ఇచ్చిన పాత నిఘంటువును అట్టలు ఊడేదాకా చదివిన మనిషి. ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా వాడకట్టంతా ఆయన దగ్గరికే తెచ్చేది.

2006లో ఎస్తేరు కూడా అట్లాగే ఒక ఇంగ్లీషు ఉత్తరం తెచ్చింది. భర్త యోసేపు పోయినప్పటి నుంచి ఏటా బొంబాయికి మట్టిపనికి పోతోంది. గద్వాల హాస్టల్‌లో వంటమనిషి కొలువు దొరికితే వలస తప్పుతుందని దరఖాస్తు పెట్టుకుంది. అసలు సర్టిఫికెట్లు చూపించడానికి ఆ ఉత్తరంలో పద్దెనిమిదో తారీఖు ఇచ్చారు. అదేరోజు అత్తను కర్నూలు దవాఖానకు తీసుకుపోవాలి. కడుపులో గడ్డకు ఆపరేషన్.

“పోవాల్సిందేనా సార్?”

సారు ఉత్తరంలో ‘మే’ అన్న ఇంగ్లీషు మాట మీద వేలు పెట్టాడు.

“మే నెలనా?” అంది ఎస్తేరు.

“నెల కాదమ్మా. ‘రావచ్చు’ అన్నట్టు. తప్పక రావాల్నంటే ‘మస్ట్’ అని రాస్తరు. నకళ్లు ముందే ఇచ్చినవు కద. అత్తను తీస్కపో.”

ఎస్తేరు కర్నూలు పోయింది. వారం తర్వాత అంటించిన ఎంపిక జాబితాలో ఆమె పేరు లేదు.

సారు నిఘంటువు సంకలో పెట్టుకుని ఆమె వెంట గద్వాల ఆఫీసుకు పోయాడు. గుమాస్తా రిజిస్టరు తిప్పి, “గైరుహాజరు” అన్నాడు.

“రావచ్చు అనే కద మీరు రాసింది?”

“మర్యాదకు గట్ల రాస్తం సార్. మా దగ్గర మే అంటే రావాల్సిందే.”

సారు నిఘంటువులో ఆ మాట ఉన్న పేజీ తీశాడు. అనుమతి అని ఉంది, జరిగే వీలు అని ఉంది. వెయ్యేళ్ల కిందట ఆ మాటకు బలం ఉండటం, చేయగలగటం అని అర్థమట, అదీ ఉంది. రావాల్సిందే అని మాత్రం ఎక్కడా లేదు. గుమాస్తా తొంగి చూసి, గొంతు తగ్గించి అన్నాడు: “వేరే ఆమె చేరింది గూడ సార్. నేనేం జేస్త?”

తప్పు తనదేనని సారు పై ఆఫీసుకు మూడు అర్జీలు రాశాడు. దేనికీ జవాబు రాలేదు.

వానలు ఆగాక, అత్తను ఆడబిడ్డ ఇంట్లో విడిచి ఎస్తేరు బొంబాయి బస్సెక్కింది. సారు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“నా మాట ఇని చెడిపోతివి తల్లీ.”

“మీరు చదివింది చదివినట్టు చెప్పిన్రు. గడ్డ తీసిన్రు, అత్త లేచి తిరుగుతుంది. మీరు పరేషాన్ కాకున్రి.”

“అడ్రసు చెప్పు. జవాబొస్తే రాస్త.”

“అడ్రసు యాడిది సార్? మేస్త్రి యాడ దింపితే ఆడనే.”

ఆయన పెన్ను మూత తీసే ఉంది. బస్సు కదిలింది.