తొండ స్లైడ్లు, బోరు నీళ్లు

పోయిన వారం మా తమ్ముడి కూతురు నా ఫోనుకు ఒక బొమ్మ పంపింది. గులాబి రంగు మీద నీలి చుక్కలు వలయాలుగా పేర్చినట్టున్న ఆ బొమ్మను చూసి మా ఇంటావిడ, సూరత్‌లో ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేస్తున్న మనిషి కదా, ఈ చీర ఏ మార్కెట్‌లోదండీ అని అడిగింది. చీర కాదు, మన వంటింట్లో తయారైన తొండ స్లైడు అని చెప్పేసరికి ఆవిడకు కరోనా రెండో ఏడు, ఆ రసాయనాల వాసన, నాకు పెట్టిన చీవాట్లు అన్నీ గుర్తొచ్చాయి. నాకూ గుర్తొచ్చాయి, నా తెలివితక్కువతనంతో సహా.

నేను ఇక్కడి కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో స్లైడ్లు చేసే టెక్నీషియన్‌గా పనిచేసి, కరోనా రావడానికి కొంచెం ముందే రిటైరయ్యాను. జంతువుల కణజాలాన్ని మైనంలో పోతపోసి, వెంట్రుక కంటే పలచగా కోసి, రంగు పట్టించి గాజు మీద నిలబెట్టడం నా వృత్తి. ఆ పనిలో మా తరంవాళ్లకు చేతివేళ్లే చదువు. తమ్ముడు అప్పట్లో సూరత్‌లోనే, పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో పనివాడు, కాపురం ఆ పక్కనే వడోద్‌లో. వాడి కూతురు చిన్నప్పుడు నా వెంట ల్యాబుకు వచ్చీ వచ్చీ చివరికి పరిశోధనకే దిగింది. అంశం మగ తొండల పునరుత్పత్తి వ్యవస్థ: మెడ ఎర్రబడే రుతువులో వృషణాలు ఎలా మారతాయో, వాటినుంచి బయలుదేరే మెలికల నాళం వీర్యంతో ఎలా నిండుతుందో, మూత్రపిండంలో సైతం ఒక భాగం ఉబ్బి ఆ పనికే ఎలా ఒదుగుతుందో సూక్ష్మదర్శినిలో చూడటం. ఇదంతా కన్నతండ్రికి చెప్పడానికి సిగ్గుపడి, తొండల చదువు అని ఊరుకుంది. వాడేమో, తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు ఈ చదువు ఎందాకా పోతుందో అని నవ్వేవాడు.

కరోనా రెండో విడతలో కాలేజీ మూతపడింది. అప్పటికే కోసి గాజుకు అంటించిన ముక్కల పెట్టె ఒకటి, ఒక సూక్ష్మదర్శిని, రంగుల సీసాలు అమ్మాయి అనుమతి తీసుకుని మా ఇంటికి తెచ్చుకుంది. మిగతా కణజాలమున్న మైనం దిమ్మెలు తాళం వేసిన గదిలో ఉండిపోయాయి, మళ్లీ తొండలు పట్టడానికి గడువు తీరిపోయింది. ఇక ఆ పెట్టెలో ఉన్నదే అమ్మాయి పరిశోధన గ్రంథానికి ఆఖరి అధ్యాయం. అదే సమయంలో తమ్ముడి మిల్లు ఆగి, సిరిసిల్ల పక్కన ఉన్న మా ఊరికి పోదామని తనకూ మరదలికీ అమ్మాయికీ టికెట్లు తీశాడు. ప్రయాణం నాలుగు రోజుల్లో. స్లైడ్లు కుదరకపోతే బిడ్డను ఇక్కడ ఉంచి ఏం లాభం అన్నాడు. ఊరికి పోతే చదువు అంతటితో సరి అని మా ఇద్దరికీ తెలుసు.

వంటగట్టు మీద పని మొదలుపెట్టాం. మొదటి రంగు పట్టించి నీళ్లలో కడిగితే ఎరుపు విరిగి నీలం తేలాలి. నా చేతుల మీదుగా అది కొన్ని వేలసార్లు తేలింది. ఆ రోజు తేలలేదు. బీట్‌రూట్ నీళ్ల రంగులోనే నిలిచిపోయింది. మళ్లీ కడిగాను, మళ్లీ అంతే. రంగు సీసా పాతదన్నాను, ముక్కలు మందులో ఎక్కువకాలం నానాయన్నాను, కింద పడ్డా పైచేయి నాదే అన్నట్టు అన్నిటినీ తప్పుపట్టాను. రెండు రోజులు అలాగే గడిచాయి. అమ్మాయి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

మూడో రోజు తమ్ముడు సామాను సంగతి మాట్లాడటానికి వచ్చి, మాస్కుతో వంటింటి గడపలోనే నిలబడి గిన్నెలోకి తొంగిచూశాడు.

“ఏ నీళ్లు వోసినవే అన్నా?”

ఫిల్టరు నీళ్లు అన్నాను కాస్త గర్వంగానే, ఎందుకంటే ఆ రోజుల్లో మా ఇంట్లో కూరగాయలు కూడా వాటితోనే కడిగేవాళ్లం.

“మా మిల్లుల నీళ్లు మారితె షేడే మారుతది. రంగును తిట్టుడు తర్వాత, మొదలు నీళ్లు చూడాలె. జర బోరు నీళ్లు వొయ్యి.”

ముప్పై ఏళ్లు ల్యాబులో కుళాయి కింద పట్టుకుని కడిగిన నేను, ఆ పని సగం కుళాయి నీళ్లే చేస్తున్నాయని ఎన్నడూ ఎరగను. కాలేజీ కుళాయిలో వచ్చేదీ బోరు నీళ్లే, వాటిలోని క్షారమే ఆ ఎరుపును నీలం చేసేది. మా ఇంటి ఫిల్టరు ఆ క్షారాన్ని కాస్తా తీసేసింది. బకెట్టుతో బోరు నీళ్లు తెచ్చి స్లైడ్లు ముంచాను. అయిదు నిమిషాలు కాకముందే అంచుల నుంచి నీలం పాకింది. అమ్మాయి ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తమ్ముడు సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి, గొట్టం నిండా దారపు పోగుల్లాగా ఉన్నవేమిటని అడిగాడు. నేను మాట దాటవేయబోయాను. అమ్మాయి మాత్రం, వీర్యకణాలు బాపూ, ఈ నాళంలోనే నిలువ ఉంటాయి అని పాఠం చెప్పినట్టు చెప్పింది. వాడు తల ఎత్తలేదు. చాలాసేపు చూశాక అన్నాడు:

“పెద్దబాపు తాన్నే ఉండు బిడ్డా. పని ఒడగొట్టుకోని రా.”

మర్నాడు తమ్ముడూ మరదలూ ఇద్దరే రైలెక్కారు. తమ్ముడు మళ్లీ సూరత్ రాలేదు. ఊళ్లోనే చిన్న దుకాణం పెట్టుకుని నిమ్మళంగా ఉన్నాడు. అమ్మాయి ఇప్పుడు వేరే ఊరి కాలేజీలో పాఠాలు చెబుతోంది. అక్కడ రంగు వేసేది యంత్రమట, నీలం తేల్చే ద్రవం కూడా కొలిచి సీసాలో వస్తుందట, ఏ స్లైడూ చెడదట. మంచిదే, దాని దగ్గర చదువుకునే పిల్లలకు నా తిప్పలు ఎందుకు? అయినా ఒక్కోసారి అనిపిస్తుంది, ఏదీ చెడిపోని చోట మిల్లు పనివాడిని పిలిచి ఇది కాస్త చూడు తమ్మీ అని అడిగే అవసరం ఎవరికి పడుతుంది?