అన్నయ్యవి యారో కీలు... నాది జాయ్‌స్టిక్

మా చిన్నప్పుడు... వేసవి సెలవుల్లో కంప్యూటర్ ముట్టుకోవాలంటే ముందు మజ్జిగతో చేతులు కడుక్కోవాలి! పొద్దున్నంతా కల్లంలో కూర్చుని ఎండుమిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరిన చేతులు మరి... ఉత్త సబ్బుకి లొంగే మంట కాదది. అమ్మ గ్లాసుడు పుల్ల మజ్జిగ పోసేది. రుద్దుకుని, కడుక్కుని, ఇక పరుగో పరుగు.

మాది నల్లపాడు అవతల చిన్న ఊరు. నాన్న ఎవరి దగ్గరో కొన్న పాత కంప్యూటర్ ఉండేది. అందులో ఒకే ఒక్క కార్ల పందెం ఆట... తెర రెండు సగాలయ్యేది, ఇద్దరం ఒకే కీబోర్డు మీద ఆడేవాళ్ళం. కుడివైపు యారో కీలు అన్నయ్యవి. ఎడమవైపు డబ్ల్యూ, ఏ, ఎస్, డీ నావి.

ఎప్పుడు ఆడినా అన్నయ్యదే గెలుపు. మలుపు దగ్గర నేనెంత నొక్కినా నా కారు తిరిగేది కాదు... నేరుగా వెళ్ళి గోడకి గుద్దుకునేది.

"అన్నయ్యా, నా కీ పనిచేయట్లేదు!" అని మొత్తుకునేదాన్ని.

"ఆడలేక మద్దెల ఓడన్నదంట నీలాంటిదే" అని నవ్వేవాడు. పోనీ వైపులు మారదామంటే ససేమిరా ఒప్పుకునేవాడు కాదు.

అసలు బాధేమిటంటే... ఒక్కదాన్నే ఆడితే అదే కారు చక్కగా తిరిగేది! పక్కన అన్నయ్య ఉంటే నాకు భయమేమో, నాకు ఆట రాదేమో అని నేనే నమ్మేశాను. పదకొండేళ్ళ పిల్లకి అది చిన్న దిగులేం కాదు.

ఆ వేసవిలోనే నాన్న మిరపకాయల టిక్కీలు, అదే బస్తాలు, మిర్చి యార్డుకి వేసుకెళ్ళి, వస్తూ వస్తూ గుంటూరులో ఒక జాయ్‌స్టిక్ కొనుక్కొచ్చారు. "ఇది నీకేనమ్మా" అని నా చేతిలో పెట్టారు. ఎంత సంబరమో! వైరు గుచ్చగానే ఎర్ర లైటు వెలిగింది. ఆట మాత్రం ఉలకలేదు, పలకలేదు...

అన్నయ్యకి నవ్వాగలేదు. "ఇది పాత గేమే! దీనికి కీబోర్డు తప్ప ఇంకోటి తెలీదు. ఆదివారంలోపు దాన్ని పనిచేయించి నన్నొక్కసారి గెలువు చూద్దాం. లేదంటే ఈ సెలవులన్నీ కంప్యూటర్ నాదే!"

రోషమొచ్చింది. జాయ్‌స్టిక్ పట్టుకుని మా ఊళ్ళో నెట్ సెంటర్ నడిపే మస్తాన్ అన్న దగ్గరికి పరిగెత్తాను.

"దీనికింత ఏడుపెందుకు తల్లీ!" అంటూ పెన్‌డ్రైవ్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ వేసిచ్చాడు. "జాయ్‌స్టిక్‌లో ఏ బటన్ నొక్కితే కీబోర్డులో ఏ కీ నొక్కినట్టో దీనికి చెప్పి పెట్టు. గేమ్ అది కీబోర్డే అనుకుంటది."

ఇంటికొచ్చి కూర్చున్నాను. మొదటిసారి ఎడమకి తిప్పితే కారు వెనక్కి పోయింది! రెండోసారి కుడికి తిప్పితే బ్రేకు పడింది... సరిచేశాను, మళ్ళీ చేశాను. చివరికి బొటనవేలు ఎటు కదిలిస్తే కారు అటు తిరిగింది. గదిలో ఒక్కదాన్నే గంతులేశాను!

ఆదివారం వచ్చింది. అన్నయ్య కల్లం నుంచి తిన్నగా వచ్చి, చేతులు కూడా కడగకుండా కీబోర్డు ముందు కూర్చున్నాడు. రెండో రౌండులో చెమట పట్టి కన్ను నులుముకున్నాడు... "అమ్మోయ్, కన్ను!" అని ఒకటే కేక. నా కారు గెలిచింది.

"ఏరా, కడుక్కుని కూర్చుంటే కార్లు పారిపోతాయా?" అని తిడుతూనే అమ్మ కళ్ళమీద చన్నీళ్ళు కొట్టింది.

"ఇది చెల్లదే!" అన్నాడు, కన్ను మూసుకునే.

"చెల్లదులే... మళ్ళీ ఆడదాం" అన్నాను. అలా గెలవడం నాకూ ఇష్టం లేదు.

ఈసారి శుభ్రంగా మజ్జిగ, సబ్బు, అన్నీ అయ్యాయి. అన్నయ్య టకటకా కీలు నొక్కుతున్నాడు. ఆ పాడు మలుపు వచ్చింది... నా కారు తిరిగింది! గోడ లేదు, ఏం లేదు, సర్రున దూసుకుపోయింది. గెలిచేశాను! నా అరుపుకి పక్కింటి పిన్నిగారు పరిగెత్తుకొచ్చారు.

"జాయ్‌స్టిక్ ఉంది కాబట్టి గెలిచావ్" అన్నాడు.

"అయితే తీసేద్దాం. నువ్వు నా వైపు కూర్చో."

ఈసారి కాదనలేక ఎడమవైపు కూర్చున్నాడు. యారో కీలు నావి. మొదటి మలుపులోనే వాడి కారు గోడకి... రెండో మలుపులోనూ గోడకే. వేలు కింద కీని పదేపదే నొక్కి చూశాడు. ఆట మధ్యలోనే ఆపేసి నా వైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ దీంతోనా నువ్వు ఆడింది?"

గెలిచినప్పటికంటే ఆ ఒక్క మాటకి ఎక్కువ పొంగిపోయాను. నాకు ఆట వచ్చు... మొదటినుంచీ వచ్చు!

చౌక కీబోర్డులో నాలుగైదు కీలు ఒకేసారి నొక్కితే కొన్ని కంప్యూటర్‌కి అందవట, మాదాంట్లో అవి ఎడమవైపువే. తర్వాత మస్తాన్ అన్న చెప్పాడు. మా సాఫ్ట్‌వేర్ పంపే కీలకి ఆ గొడవ లేదు మరి.

ఇప్పుడు ఏ గేమ్‌ప్యాడ్ గుచ్చినా ఆట దానంతటదే గుర్తుపడుతోంది... అన్నయ్య ఒంగోలులో, నేను తాడేపల్లిలో, ఎవరి తెర వాళ్ళది. అన్ని బటన్లూ భేషుగ్గా పనిచేస్తాయి... కానీ మలుపు దగ్గర మోచేత్తో పొడిచేవాళ్ళే పక్కన లేరు.

మీ ఇంట్లో కీబోర్డు మీద ఏ వైపు మీది? ఎవరితో కొట్లాడారు? చెప్పండి మరి...