అరచెయ్యి అడ్డం పెట్టే పిల్ల

తొంభైల్లో తమిళనాడులోని కోవిల్‌పట్టిలో నేను బ్యాంకు పరీక్షలకు రీజనింగ్ చెప్పేటప్పుడు ఒక మగ్గాల ఇంటి తెలుగు పిల్ల వచ్చేది; నన్ను మామా అనేది. మోడల్ పేపర్లోని ఇంగ్లీషు పేరాను అరచేత్తో మూసి, ముందు కింది ప్రశ్న చదివేది. చెయ్యి తీసిన రెప్పపాటులో జవాబు గుర్తించేది. సరే, రెప్పపాటు కాదు. మిగతావాళ్లు పేరాలో సగానికి వచ్చేలోగా. జవాబు మాత్రం తప్పేది కాదు.

వాళ్లన్న తిరుత్తంగల్‌లో ప్రెస్సులో పనిచేసేవాడు. మా మోడల్ పేపర్లు అచ్చయ్యేదీ ఆ ఊళ్లోనే. ఇంకేం, గుట్టు దొరికిందనుకున్నాను. రుజువైతే క్లాసు మాన్పించేద్దామని, ఇంట్లో కూర్చుని నేనే కొత్త పేరా రాసి తెచ్చాను. మళ్లీ అదే అరచెయ్యి, మళ్లీ సరైన జవాబే.

"మీ అన్న ప్రెస్సులోనే కదా ఉండేది?" అన్నాను.

"ఉండాడు మామా, క్యాలెండర్లు అచ్చేస్తాడు. నాకు ఇంగ్లీషు చదివేదానికి శానా సేపు పడతాది. అందుకే ఏమి అడిగినారో చూసుకోని, అది మాత్రం వెదుకుతాను. అన్న ప్రెస్సులో ఉంటే చెల్లెలు దొంగని పేరాలో ఏ వరుసలో ఉండాది మామా?"

క్లాసంతా నవ్వింది. పిల్లను మాన్పించలేదు.

కానీ ఇంట్లో రాసిన నా పేరాను ఆ పిల్లకు ముందే ఎవరు చూపించారని ఆ సాయంత్రం మా ఆవిడను నిలదీశాను. సరే, నిలదీయలేదు, అంత ధైర్యం నాకెక్కడిది? అన్నం తింటూ అనుమానంగా చూశానంతే.