అనసూర్యక్క చెప్పిన ఎండ

మాఘమాసం సగమయ్యేసరికి మా వాడకట్టులో పసుపు తవ్వడం అయిపోతుంది. కానీ కొమ్ములు ఉడకబెట్టడానికి ఎవరూ పొయ్యి ముట్టించరు. ఉడికిన పసుపు ఇంటి పక్క కళ్లంలో పదిహేను రోజులు ఎండాలి. మధ్యలో రాళ్లవాన పడిందా, ఏడాది కష్టం నల్లబడిపోతుంది. అందుకే మెట్‌పల్లి దగ్గరి మా ఊళ్లో అందరం ఒక్క మనిషి మాట కోసం ఆగుతాం. ఆమె మా పక్కింటి అనసూర్యక్క.

పొద్దు పొడవకముందే ఆమె చెప్పులు విడిచి కళ్లంలో నిలబడేది. పొలాల మీద మంచు ఇంకా తొలగకుండానే ఉండేది, ఆమె నడుము దాకా కనిపించేది కాదు. "నేల పాదాలను గుంజుతుంది, జర ఆగుండ్రి" అంటే, వాన ఉందని ఆగేవాళ్లం. "ఇడిసింది" అంటే ఇంటింటా పొయ్యిలు లేచేవి. పచ్చటి ఆవిరి వీధంతా కమ్ముకొని, ఆ వాసనకు నాకు పట్టపగలే నిద్ర వచ్చేది. ముప్పై ఏళ్లలో ఆమె మాట ఒక్కసారీ తప్పలేదు. చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాక కూడా, తెలివిమంతులం అనుకునే మేం ఆమె వాకిట్లోనే నిలబడేవాళ్లం.

ఈ ఏడు చలి పోనంటే పోనంది. అక్క భర్త లక్ష్మీరాజం బావకు ఆయాసం. ఆయన దగ్గు చలికాలమంతా గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది. ఎండలు ముదిరితే ఊపిరి తేలికవుతుందని డాక్టర్ చెప్పాడట. ఆ మాట పట్టుకొని ఇద్దరూ రోజులు వెళ్లదీశారు. బావ గొంగడి కప్పుకొని గడపలో కూర్చొని తూర్పు వైపే చూసేవాడు, రావాల్సిన చుట్టం ఇంకా రాలేదన్నట్టు.

శివరాత్రి దాటిన మూడోనాడు అక్క వచ్చి, "పొయ్యి ముట్టియ్ మంజులా, ఇగ ఎండలే" అంది.

"ఫోన్ల ఉరుముల మబ్బు చూపెడ్తుందక్కా."

"ఫోనుకేమెరుకనే? దానికి కాళ్లున్నయా?"

నవ్వుకుంటూ పొయ్యి ముట్టించాను.

ఉడికిన కొమ్ములు ఆరబోశాక రెండు రోజులు మంచి ఎండ కాసింది. మూడోనాడు మధ్యాహ్నం ఉక్కపోతలో ఉన్నట్టుండి చల్లటి గాలి తగిలింది. టార్పాలిన్ పట్టుకొని ఉరికేలోపే రాళ్లు పడ్డాయి. పసుపు మీద సగ్గుబియ్యం ఒలకబోసినట్టు తెల్లగా, వాటి మీంచి మెల్లగా ఆవిర్లు. ఎంత అందంగా ఉందో నాకు అంత ఒళ్లు మండింది. పక్కింట్లోంచి అనసూర్యక్క తన వాకిట్లోకి రోకలి విసిరింది. రాళ్లవాన ఆగాలని మా దగ్గర అలా విసురుతారు. రోకలి పడింది గానీ రాళ్లు ఆగలేదు.

మర్నాడు పొద్దున తడిసిన కొమ్ములు ఏరుతుంటే ఆమె వచ్చింది. మాట్లాడొద్దనే అనుకున్నాను. ఆమె కూర్చోలేదు.

"నాకెరుకనే మంజులా. ఆనాడు నేల గుంజుతనే ఉండె. మీ బావ పండుకోలే, కూసోనే తెల్లారవెట్టిండు. ఎండ రావాలె, రావాలె అనుకుంట, వస్తదని చెప్పిన."

నీ మొగుడి దమ్ము కోసం మా పసుపు ముంచావా అని అడగబోయాను. అంతలో గోడవతల బావ దగ్గాడు. తెగని దగ్గు. ఈ చలికాలమంతా అది వినబడ్డ ప్రతిసారీ, దేవుడా ఎండ కాయించు అని నేనూ మొక్కుకున్నదాన్నే. నా కోపమంతా పోయిందని చెప్పను. కానీ ఆ మాట మాత్రం నోట్లోంచి రాలేదు.

చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. "ఇయ్యాల ఆరవొయ్యాల్నా అక్కా?"

"తెల్వది చెల్లె. ఇగ నన్నడగకు."

ఆ మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. కారుతున్న కళ్లనీళ్లు కొంగుతో తుడుచుకోకుండా అలాగే కూర్చుంది. పైన ఆకాశం బూడిద రంగులో ఉంది. పొద్దు ఎక్కడుందో కూడా తెలియడం లేదు. నేను లేచి టార్పాలిన్ మీద కొమ్ములు పరవడం మొదలుపెట్టాను.

"ఎండ గొడ్తదక్కా. బావను బయట కూసోవెట్టు" అన్నాను. ఆకాశం సంగతి నాకేమీ తెలియదు.