ఓక్ దుంగకు చెవి ఆనించిన మేస్త్రీ

మా మేస్త్రీ పోయారు. మొన్న పొద్దున రంపం స్విచ్ నొక్కబోతుంటే కడప నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నా చేయి స్విచ్ మీదే ఉండిపోయింది. రంపపు పొట్టు మాత్రం ఏమీ తెలియనట్టు ఎండలో తేలుతూనే ఉంది.

ఈ అరబ్బు దేశంలో, ముసఫ్ఫాలో మా వడ్రంగి షాపుకు ఓక్ దుంగలు ఓడల్లో వస్తాయి. కోసే ముందు మేస్త్రీ ప్రతి దుంగకూ ఒక చెవి ఆనించి, రెండో చెవి వేలితో మూసుకునేవారు.

"లోపల ఎవురన్నా ఉండారేమో సూడాలబ్బీ. తలుపు కొట్టకుండా ఒకరింట్లోకి పోతామా?"

ఇలాంటి మనిషి దొరికితే నేను ఊరుకుంటానా! కరోనా తగ్గిన ఏడాది, ఓ దుంగ వెనక నక్కి గోటితో గీరాను. మేస్త్రీ కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు. నేను గీరడం ఆపేశాక కూడా వింటూనే ఉన్నారు.

"దీన్ని కొయ్యొద్దు" అని కిటికీ పక్కన పెట్టించారు.

షాపంతా నవ్వింది. ముదీర్, అంటే మా మేనేజరు, నవ్వలేదు. "బుడ్డే కా కాన్ ఖలాస్! ఏక్ మహీనా, బస్" అన్నాడు, ముసలాడి చెవులు పనైపోయాయని. నెలలోగా దుంగలోంచి ఏమీ రాకపోతే మేస్త్రీ వీసా రద్దు, ఇంటికి ప్రయాణం. గీరింది నేనేనని చెప్పడానికి, ఎవరి మీదైనా లేచే నా నోరు ఆ నెలంతా పెగల్లేదు.

నెల నిండవస్తుండగా, ఓ మధ్యాహ్నం అందరం కునుకు తీస్తుంటే, దుంగకు బొటనవేలంత కన్నం పడింది. ముందు రెండు మీసాలొచ్చాయి. ఒంటికన్నా పొడుగు. వాటి వెనక నల్లటి పురుగు, నిద్రలో నడిచినట్టు మెల్లగా. బల్ల చేయించుకోవడానికి వచ్చిన తెల్లాయన చూసి నోరు తెరిచాడు. అది ఓక్ చెట్ల మీదే బతుకుతుందట, వాళ్ల దేశంలోనే ఇప్పుడు కనబడడం అరుదట. ముదీర్ ఫోటోలు తీసుకున్నాడు, వీసా మాట మళ్లీ ఎత్తలేదు.

మేస్త్రీ పురుగు తినడానికని దుంగ మీద ఖర్జూరపు పాకం చుక్కలు పెడుతుంటే, నాకింక ఆగలేదు.

"మేస్త్రీ గారూ, ఆరోజు గీరింది నేనండీ."

"తెలీదనుకుంటివా? నీ గోరు సప్పుడు వడ్ల మూటలో ఎలుక మాదిరి ఉండె. నువ్వు నిలిపినాక ఇంగొకటి మొదలాయె. అది నీకు జవాబు చెప్తాండాదిరా."

"మరి ముదీర్‌కి చెప్పలేదేంటండీ?"

"చెప్తే నీ వీసా పొయ్యేది గదరా, ఎర్రోడా."

పురుగు కొన్ని వారాలుండి చచ్చిపోయింది. తర్వాత కొన్నాళ్లకు మేస్త్రీ కడప వెళ్లిపోయారు. ఆ దుంగను ఇప్పటికీ ఎవరూ కోయలేదు. మొన్న ఫోన్ పెట్టేశాక దాని దగ్గరికెళ్లాను. గోటితో మెల్లగా గీరి, ఆపి, ఒక చెవి మూసుకుని, రెండోది ఆనించాను.